గర్భంతో ఉండి ఇన్సులిన్ మొదలుపెట్టాక వణుకు, దద్దుర్లు, మసక చూపు: ఏది ఇన్సులిన్ వల్ల, ఏది కాదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకిప్పుడు 29వ వారం. తిండి మార్చినా షుగర్ అదుపులోకి రాలేదని రెండు వారాల క్రితం ఉదయం, రాత్రి టిఫిన్‌కూ భోజనానికీ ముందు 30/70 ఇన్సులిన్ మొదలుపెట్టారు. సీసాలోంచి సిరంజితో తీసుకుని మీరే వేసుకుంటున్నారు. అప్పటి నుంచి పొద్దున 11 గంటల వేళకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. సూది వేసిన చోట దద్దు లేచి దురద పెడుతోంది, ఒకటి రెండు చోట్ల కమిలింది. ఈ వారం చూపు మసకగా ఉంది, పాదాలు వాచాయి. ఇంతలో డాక్టరు డోసు పెంచారు. అత్తగారేమో ఈ సూదులు బిడ్డకు మంచివి కావు, ఆపెయ్ అంటున్నారు. ఆపెయ్యొచ్చా?

ఆపకండి. డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట డోసు కూడా మానొద్దు. మీరు చెప్పిన వణుకు, చెమటలు ఇన్సులిన్ వల్లే వస్తున్నాయని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అయితే మీకు ఇన్సులిన్ పడటం లేదని కాదు, మందు వేళా తిండి వేళా కుదరడం లేదు. అది కొద్ది రోజుల్లో సరిచేసుకోగలిగినదే. దద్దుర్లూ కమిలిన మచ్చలూ చాలావరకు సూది వేసే తీరులో ఉంటాయి. చూపు మసకబారడానికి ఇన్సులిన్ కారణం కావచ్చు, కాకపోవచ్చు. పాదాల వాపుకు మాత్రం ఇన్సులిన్ కారణం కావడం అరుదు. ఈ రెండూ ఒకే వారంలో వచ్చాయి కాబట్టి ఇది చదివిన రోజే బీపీ చూపించుకోండి.

నేను గర్భిణులకు ఇన్సులిన్ వేసుకోవడం, గ్లూకోమీటర్‌తో చూసుకోవడం నేర్పే నర్సుని. చాలా ఏళ్లుగా ఇదే పని. డోసు రాసేది డాక్టరు, ఆ డోసు ఇంట్లో వంటింటి వేళలతో ఎలా నడుస్తోందో చూసేది మేము. అందుకే డోసు ఎన్ని యూనిట్లు ఉండాలో నేను చెప్పను, అది మీ డాక్టరే చెప్పాలి. ఎక్కడ తేడా వస్తుందో, ఏది ఆగొచ్చో, దేనికి పరుగెత్తాలో మాత్రం చెప్పగలను.

ముందు బీపీ సంగతి

20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ ఆ పైన గానీ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే. షుగర్ ఉన్న గర్భిణుల్లో ఇది వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, ఎంతకీ తగ్గని తలనొప్పి, డొక్కలో కుడివైపు పైన నొప్పి, ముఖమూ చేతులూ ఉబ్బడం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం దీని లక్షణాలు. ఇన్సులిన్ కొత్తగా మొదలుపెట్టిన ఇంట్లో ఏం తేడా చేసినా సూది మీదకే పోతుంది మనసు. నాకు అసలు భయం అక్కడే. సూదే కారణమని ఇన్సులిన్ ఆపేసి, తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చుంటే నిజమైన జబ్బు పెరిగిపోతుంది.

పెద్దాసుపత్రికి వెళ్లలేకపోతే మీ ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం దగ్గర కూడా బీపీ చూస్తారు, మూత్ర పరీక్ష చేస్తారు. బీపీ మామూలుగా ఉంటే ఊపిరి పీల్చుకుని కింద రాసింది నిదానంగా చదవండి. 140/90 గానీ ఆ పైన గానీ ఉంటే అదే రోజు మీ గైనకాలజిస్టుని కలవండి. 160/110 వస్తే, లేదా తలనొప్పి, మెరుపులు కూడా ఉంటే, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బిడ్డకు హాని అన్న భయం గురించి

మీ అత్తగారిది ప్రేమే, దాంట్లో సందేహం లేదు. ఇలాంటి పెద్దవాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్తాను. తల్లికి వేసిన ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. తల్లి రక్తంలోని చక్కెర మాత్రం మాయను దాటి నేరుగా బిడ్డకు వెళ్తుంది. ఎక్కువ చక్కెర వెళ్తే దాన్ని సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాంతో బిడ్డ కొవ్వు పట్టి మరీ బరువెక్కుతుంది, కాన్పులో భుజాలు ఇరుక్కుంటాయి. పుట్టి బొడ్డుతాడు కోశాక తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఉంటుంది కాబట్టి పసిబిడ్డకు షుగర్ పడిపోతుంది. షుగర్ అస్సలు అదుపులో లేకపోతే కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కూడా ఉంది. అంటే మీరు పొట్ట మీద వేసుకుంటున్న సూది బిడ్డ దాకా పోదు. బిడ్డ దాకా పోయే చక్కెరనే తగ్గిస్తుంది.

మాత్రలు ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మెట్‌ఫార్మిన్ కొందరికి ఇస్తారు. అది మాయను దాటుతుంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు మీ రీడింగులు, బిడ్డ స్కాన్ చూసి చెప్తారు. అడగడంలో తప్పు లేదు, అడగండి. డాక్టరు మార్చమనేదాకా ఇన్సులిన్ కొనసాగించండి.

ఒక ముఖ్యమైన మాట. ఇది చదివేవాళ్లలో గర్భానికి ముందు నుంచే టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం షుగర్) ఉన్నవాళ్లు ఉంటే, మీకు ఇన్సులిన్ ఆపడం అన్న మాటే లేదు. వాంతులై ఏమీ తినలేకపోయినా ఆపకూడదు. ఇన్సులిన్ చాలనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే వచ్చే ఆమ్లాలను కీటోన్లు అంటారు. గర్భంలో అవి త్వరగా పెరుగుతాయి, షుగర్ మరీ ఎక్కువ కనిపించకపోయినా అవి రక్తంలో పేరుకుని ప్రాణం మీదకు తెచ్చే కీటోయాసిడోసిస్ రావచ్చు. వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

11 గంటల వణుకు

మీకు సరిగ్గా ఆ వేళకే ఎందుకు వస్తోందో మీ సీసా మీదే ఉంది. 30/70 అంటే అందులో 30 వంతులు త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్, 70 వంతులు నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్. రెగ్యులర్ అరగంటకు మొదలై 2 నుంచి 4 గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. ఎన్‌పీహెచ్ దాదాపు 4 గంటలకు జోరందుకుంటుంది. మీరు ఏడున్నరకు సూది వేసుకుని ఎనిమిదింటికి టిఫిన్ తింటే, 11 గంటలకు మొదటిది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, రెండోది అందుకుంటూ ఉంటుంది. ఆ వేళకు తిన్న టిఫిన్ అరిగిపోయి ఉంటుంది. భోజనం ఒంటిగంటకు గానీ కాదు. మధ్యలో ఏమీ తినకపోతే షుగర్ పడిపోక ఏం చేస్తుంది?

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. టిఫిన్ ఎంత తింటున్నారు? షుగర్ అన్న మాట వినగానే మన ఆడవాళ్లు భయంతో తిండి కోసేసుకుంటారు. మూడు ఇడ్లీలు తినే మనిషి ఒక్క ఇడ్లీతో లేచిపోతుంది, మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెడుతుంది. డాక్టరు డోసు వేసింది మీరు మామూలుగా తింటారన్న లెక్క మీద. తిండి సగం చేసి మందు మొత్తం వేసుకుంటే వణుకు రాక తప్పదు. గర్భిణికి ఇన్సులిన్ మీద ఉన్నప్పుడు మూడు పూటల భోజనం, వాటి మధ్యలోనూ పడుకునే ముందూ చిన్న తిండి ఉండాలి. పదిన్నరకు గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక గ్లాసు మజ్జిగ. లేదా ఒక జామకాయ, కాసిని వేరుశనగ గింజలు. లేదా చిన్న పెసరట్టు. రాగి జావ మంచిదని గ్లాసులు గ్లాసులు తాగుతారు కొందరు, జావగా కాచినది షుగర్‌ని త్వరగా పెంచుతుంది, దాని బదులు రాగి రొట్టె నయం.

వణుకు మొదలవగానే చేయాల్సింది ఒకటే. దగ్గర్లో గ్లూకోమీటర్ ఉంటే చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు ఒక గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగి కూర్చోండి. గ్లూకోజ్ లేకపోతే మూడు చెంచాల పంచదార నీళ్లు. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే తాగండి. పైకి వచ్చాక ఒక ఇడ్లీయో చపాతీయో గ్లాసు పాలో తీసుకోండి, లేకపోతే మళ్లీ పడుతుంది. మీటర్ దగ్గర్లో లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, ముందు పంచదార నీళ్లు తాగండి.

చాక్లెట్, లడ్డూ, బిస్కెట్ ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఆలోగా భయంతో ఐదారు తినేస్తారు, గంట తర్వాత చూస్తే షుగర్ 200 దాటి ఉంటుంది. ఇన్సులిన్ వల్ల లావయ్యాను అనేవాళ్లలో కొందరు ఇలా తిన్న స్వీట్ల వల్ల లావైనవాళ్లే.

షుగర్ కాసేపు 60లలోకి పడి వెంటనే సర్దుకుంటే బిడ్డకు హాని జరుగుతుందని ఆధారాలు లేవు. ప్రమాదమంతా మీకే: కళ్లు తిరిగి పడిపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్. అందుకని ఇంట్లో ఇద్దరికైనా ఇది నేర్పండి: స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. పంచదార నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. టైప్ 1 వాళ్లు గ్లూకగాన్ ఇంజెక్షన్ (పడిపోయిన షుగర్‌ని పైకి తెచ్చే మందు) ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టరుని అడగండి.

షుగర్ పడిందన్న భయంతో రాత్రి డోసు ఎగ్గొట్టకండి. వారంలో రెండుసార్లు 70 కిందకు వచ్చినా, ఒక్కసారి 54 కన్నా తగ్గినా, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి రీడింగులు చెప్పండి. ఏ పూట డోసు, ఎంత తగ్గించాలో వాళ్లు చెప్తారు.

వణుకు వచ్చినప్పుడు మీటర్‌లో 90 చూపిస్తే? అదీ మామూలే. ఇన్నాళ్లూ 180, 200 దగ్గర తిరిగిన ఒంటికి 90 కూడా తక్కువగానే తోస్తుంది. దానికి గ్లూకోజ్ అక్కర్లేదు. మీ వేళ తిండి తినండి, కాసేపు కూర్చోండి. ఒకటి రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. చూసే ముందు చేతులు మాత్రం కడుక్కోండి. మామిడిపండు ముట్టుకున్న వేలితో చూస్తే మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు నిజంగా పడిన షుగర్ కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

రాత్రిపూట ఇది గుర్తుపట్టడం కష్టం. భోజనానికి ముందు ఎనిమిదింటికి వేసుకున్న ఎన్‌పీహెచ్ భాగం అర్ధరాత్రి దాటాక గట్టిగా పనిచేస్తుంది. దుప్పటి తడిసేంత చెమట, పీడకలలు, పొద్దున లేస్తూనే తలనొప్పి ఉంటే ఒక రాత్రి 3 గంటలకు అలారం పెట్టుకుని చూడండి. పరగడుపున ఎక్కువ వచ్చిందని డోసు పెంచే ముందు కూడా ఈ 3 గంటల రీడింగు కావాలి. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు మానకండి.

సీమంతం, గ్రహణం

నేను చూసిన గట్టి లో షుగర్లలో చాలా వరకు మామూలు రోజుల్లో రాలేదు, ఏదో ఒక ప్రత్యేకమైన రోజున వచ్చాయి. ఒకామెకు ఎనిమిదో నెలలో సీమంతం పెట్టారు. ఆమెకు మధ్యాహ్నం కూడా డోసు ఉంది. వడ్డన మొదలవుతోందని ఎవరో అనగానే గదిలోకి వెళ్లి ఇన్సులిన్ వేసుకుని వచ్చి కూర్చుంది. ఇంతలో బంధువులు దిగారు, గాజులు తొడగడం, గంధం పూయడం, ఫోటోలు, హారతి. రెండు గంటలైనా ఆమె ముందుకు విస్తరి రాలేదు. పట్టుచీరలో చెమటలు కారుతుంటే ఉక్కపోతలే అనుకుని ఫ్యాను తిప్పారు. మాట తడబడ్డాక గానీ అమ్మకు అనుమానం రాలేదు. పానకం తాగించాక తేరుకుంది. అప్పటి నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెప్తున్నాను: ఫంక్షన్ రోజున వంట పూర్తయి, మీకు వేరుగా కంచం పెట్టే మనిషి ఖాయమయ్యాకే సూది వేసుకోండి. వేశాక అరగంటలో తినండి. ఫోటోల కోసం ఆగొద్దు.

గ్రహణం రోజు ఇంకో రకం ఇబ్బంది. గర్భిణి కదలకూడదు, తినకూడదు, నీళ్లు తాగకూడదు అంటారు. ఒంట్లో ఇన్సులిన్ పనిచేస్తుండగా అన్ని గంటలు కడుపు మాడ్చుకోవడం కుదరదు. నమ్మకాన్ని నేను కాదనను. కానీ గర్భిణులకు, పిల్లలకు, వృద్ధులకు, రోగులకు గ్రహణ నియమాల్లో సడలింపు ఉందని మన పెద్దలే చెప్తారు. ఇంట్లో ఆ మాట గుర్తుచేయండి. వేళకు పాలు, పండు తీసుకోండి. కార్తీక సోమవారాలు, శనివారాల ఉపవాసాలు, రంజాన్ రోజాలు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. ఉండాలని మరీ పట్టుదలగా ఉంటే కనీసం ముందే డాక్టరుకు చెప్పండి. మామూలు డోసు వేసుకుని తిండి మానడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

సిరంజి మూత ఏ రంగు?

మీరు సీసా, సిరంజి వాడుతున్నారు కాబట్టి ఇది ఇప్పుడే లేచి చూడండి. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 ఐయూ రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. వాటికి వాడాల్సింది ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజి. ఇన్సులిన్ పెన్నులో వేసే మందు గొట్టాలు (కార్ట్రిడ్జిలు), కొన్ని సీసాలు 100 ఐయూ. ఆ సీసాలకు నారింజ రంగు మూత ఉన్న యూ-100 సిరంజి. సీసా లేబుల్ మీద, సిరంజి మీద ఉన్న అంకె ఒకటే కావాలి.

కలగలిస్తే ఏమవుతుందో చూడండి. 40 ఐయూ సీసాలోంచి నారింజ సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. 100 ఐయూ మందుని ఎర్ర సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్లేది 25 యూనిట్లు. మా దగ్గరికి వచ్చిన ఒకామెకు మందుల షాపులో ఎర్ర మూతవి లేవని నారింజవి ఇచ్చారు. షుగర్ తగ్గడం లేదని డాక్టరు డోసు పెంచుతూ పోయారు, కాగితం మీద 20 యూనిట్లు, ఒంట్లోకి 8. కొన్నాళ్లకు ఆమె పుట్టింటికి వెళ్తే అక్కడి షాపులో సరైన ఎర్ర మూతవి దొరికాయి. అదే 20 గీత దాకా లాగి వేసుకుంది. ఈసారి నిజంగానే 20 వెళ్లాయి. గంటల్లోనే షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరింది. ఇన్సులిన్ ఒంటికి పడలేదని ఊరంతా చెప్పుకున్నారు. కాన్పుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు సిరంజీలు, మందు మీతోనే సరిపడా తీసుకెళ్లండి.

ఇంకోటి, 30/70 మందు తెల్లగా మబ్బుగా ఉంటుంది. నిలబెట్టిన సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. తీసే ముందు రెండు అరచేతుల మధ్య పెట్టి ఓ పదిసార్లు మెల్లగా దొర్లించి, ఓ పదిసార్లు పైకీ కిందకీ తిప్పండి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి డోసు తప్పుతుంది. కలపకుండా తీస్తే ఒకరోజు పల్చగా, ఒకరోజు చిక్కగా వెళ్లి, రీడింగులు ఎందుకు ఎగిరెగిరి పడుతున్నాయో ఎవరికీ అంతుపట్టదు. కలిపాక కూడా ముద్దలు, పలుకులు కనిపిస్తే ఆ సీసా పారేయండి. వాడుతున్న సీసా నాలుగు వారాలకు మించి వాడొద్దు. ఎండాకాలం ఫ్రిజ్ తలుపులో పెట్టుకోండి, ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

దద్దుర్లు, కమిలిన మచ్చలు

ముందు కారణాలు వెతకండి. స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరకముందే సూది గుచ్చుతున్నారా? ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చల్లగా ఉండగానే వేస్తున్నారా? పొదుపని ఒకే సిరంజిని రోజుల తరబడి వాడుతున్నారా? ఈ మూడింటిలో ఏది ఉన్నా మంట, దద్దు వస్తాయి. స్నానం చేసిన శుభ్రమైన చర్మానికి స్పిరిట్ తప్పనిసరి కాదు, వాడితే పూర్తిగా ఆరనివ్వండి. డోసు సిరంజిలోకి తీసే ముందు సీసాని కాసేపు బయట పెట్టండి. సూది మొన ఒక్కసారి వాడితేనే వంగుతుంది, కంటికి కనిపించదు.

కమిలిన నీలి మచ్చ చర్మం కింద సన్నని రక్తనాళం తెగడం వల్ల వస్తుంది. బిడ్డ దాకా పోయేదేమీ లేదు అందులో. వేశాక ఆ చోటు రుద్దకండి, దూదితో కాసేపు అదిమి పట్టుకోండి చాలు. బీపీ రాకుండా కొందరు గర్భిణులకు చిన్న డోసు ఆస్పిరిన్ మాత్ర ఇస్తారు. మీరూ వేసుకుంటుంటే కమలడం కాస్త ఎక్కువగానే ఉంటుంది. అలాగని ఆ మాత్ర మానొద్దు.

పొట్ట పెరుగుతున్నప్పుడు ఎక్కడ వేయాలన్నది చాలామంది బెంగ. సూది చర్మం కింది కొవ్వులోకే వెళ్తుంది, గర్భసంచి దాకా వెళ్లదు. మీ నెలల్లో బొడ్డు చుట్టూ చర్మం బిగుసుకుంటుంది కాబట్టి పొట్ట పక్కల్లో, చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టి వేయండి. భయంగా ఉంటే తొడ ముందు, బయటి వైపుల్లో వేసుకోండి. ప్రతిసారీ కిందటి చోటుకు కనీసం ఒక వేలు వెడల్పు జరగండి. నొప్పి లేదని ఒకే చోట నెలల తరబడి వేసేవాళ్లకు అక్కడ మెత్తని బుడిపె వస్తుంది. అందులోంచి మందు సరిగా ఒంట పట్టదు. బుడిపె వదిలి కొత్త చోటుకు మారితే అదే డోసు ఒక్కసారిగా గట్టిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. పాత షుగర్ ఉన్నవాళ్లు చోటు మార్చే ముందు డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ సరిచేసినా ప్రతిసారీ సూది వేసిన కొన్ని గంటల్లో ఎర్రగా ఉబ్బి దురద పెడుతుంటే అది మందులోని పదార్థాలకు వచ్చే అలర్జీ కావచ్చు. నిల్వ కోసం కలిపే మెటాక్రెసాల్, ఎన్‌పీహెచ్‌లో ఉండే ప్రోటమిన్ కొందరికి పడవు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫోన్‌లో ఫోటో తీయండి, వేసిన టైమూ లేచిన టైమూ రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి దద్దు మాయమై ఉంటుంది, ఫోటో ఉంటే వాళ్లకు తేల్చడం సులువు. వేరే రకం ఇన్సులిన్‌కి మార్చడానికి దారులు చాలానే ఉన్నాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ నాలుకా వాపు, ఊపిరాడకపోవడం మాత్రం చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ, వెంటనే 108.

దురద అరచేతుల్లో, అరికాళ్లలో ఉండి, దద్దు ఏమీ లేకుండా, రాత్రిళ్లు ఎక్కువవుతుంటే అది సూది వల్ల కాదు. చివరి నెలల్లో కాలేయంలో పిత్తం నిలిచిపోయే జబ్బులో అలా వస్తుంది, దాన్ని అశ్రద్ధ చేస్తే బిడ్డకు ప్రమాదం. కాలేయ పరీక్షలు చేయించమని అడగండి.

చూపు

బీపీ మామూలుగా ఉందని తేలితే మసక చూపుకు ఎక్కువగా కారణం ఇది: షుగర్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కంటి లెన్సులో నీటి పాళ్లు మారి ఉంటాయి. ఇన్సులిన్‌తో షుగర్ త్వరగా దిగితే లెన్సు మళ్లీ సర్దుకోవాలి, ఆలోగా చూపు తేడాగా ఉంటుంది. కొన్ని వారాల్లో కుదురుకుంటుంది. ఈలోగా కొత్త కళ్లద్దాలు చేయించుకుంటే డబ్బు దండగ. గర్భానికి ముందు నుంచి షుగర్ ఉన్నవాళ్ల విషయం వేరు. వాళ్లకు షుగర్ ఒక్కసారిగా అదుపులోకి వచ్చినప్పుడు రెటీనా (కంటి వెనుక పొర) దెబ్బ పెరగొచ్చు, కాబట్టి కంటి డాక్టరు దగ్గర రెటీనా పరీక్ష గర్భంలో ఒకటికి రెండుసార్లు తప్పనిసరి.

డోసు పెరగడం, ఉన్నట్టుండి తగ్గడం

డోసు పెంచారంటే మీ జబ్బు ముదిరిందని కాదు. నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, అందుకే సుమారు 20 వారాల నుంచి 35, 36 వారాల దాకా అవసరం పెరుగుతూ పోతుంది. మీరు చూడాల్సింది యూనిట్లు కాదు, ఈ అంకెలు: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు.

నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి ఇచ్చాక కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, డోసు పెంచుతారు. ఆ ప్రభావం తగ్గాక మళ్లీ ఎప్పుడు దించాలో డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి. పెంచిన డోసే ఇంట్లో కొనసాగించి లో షుగర్‌తో తిరిగి వచ్చినవాళ్లున్నారు.

దీనికి ఎదురుగా, చివరి నెలల్లో తిండి మారకుండానే షుగర్ పదే పదే పడిపోతూ డోసు బాగా తగ్గించాల్సి వస్తే, షుగర్ పోయిందని సంబరపడకండి. మాయ సరిగా పనిచేయకపోయినా ఇలా జరగొచ్చు. బిడ్డ కదలికలు గమనించి అదే రోజు డాక్టరుకు చెప్పండి. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఫోన్లతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికే వెళ్లండి.

రేపటి నుంచి ఏం రాయాలి

ఒక నోటుబుక్‌లో పరగడుపు, మూడు పూటలా తిన్న తర్వాత రీడింగులు, సూది వేసిన టైము, తిన్నది, వణుకు వచ్చిన టైము, అప్పటి రీడింగు రాయండి. నాలుగు రోజులు చాలు. ఫోన్‌లో మీటర్ ఫోటోలు పంపితే డాక్టరుకు టైము, తిండి తెలియవు, అంకె మాత్రమే తెలుస్తుంది. ఆ నోటుబుక్, మీరు వాడే సీసా, ఒక సిరంజి మూడూ తీసుకెళ్లి, ఎలా వేసుకుంటున్నారో వాళ్ల ముందే ఒకసారి చేసి చూపించండి. వీలైతే అత్తగారిని కూడా తీసుకెళ్లండి.

కాన్పు అయి మాయ బయటకు రాగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. గర్భంలో వచ్చిన షుగర్ అయితే చాలామందికి అప్పుడే ఆపేస్తారు, ఇంటికి వచ్చాక పాత డోసు అలవాటుగా వేసుకోకండి. ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి మళ్లీ పరీక్ష చేయాలి. బాలింతలు బిడ్డ హడావిడిలో దీన్నే మర్చిపోతారు. బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించే రోజునే పరగడుపున వెళ్లి మీ పరీక్ష కూడా చేయించుకోండి.